బ్రిటన్ వేసవిలో కాక్టస్‌లు, సక్యులెంట్లు: బయట పెట్టాలా, లోపలే ఉంచాలా?

కొత్తకుండీ (రెడింగ్), 11 జూన్ 2024

అందరికీ నమస్కారం. నా కాక్టస్‌లు, సక్యులెంట్లు (ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునే మొక్కలు) చలికాలమంతా దక్షిణం వైపు కిటికీ గట్టు మీద బాగానే గడిపాయి. మే నెలాఖరున అన్నింటినీ ఇంటి వెనక పేషియో గచ్చు మీదికి చేర్చాను. జూన్ రాగానే వరస మారింది. ఉత్తరపు గాలి, వణికించే రాత్రులు, రోజు విడిచి రోజు జల్లు, నడుమ ఒక్కో పూట కళ్ళు చెదిరే ఎండ. ఇప్పుడు గుండ్రటి ఎకినాప్సిస్ కాక్టస్‌కు ఒక పక్క పాలిపోయిన మచ్చ వచ్చి గోధుమరంగుకు తిరుగుతోంది. ఎచెవేరియా అనే సక్యులెంట్ కింది ఆకులు మెత్తబడి, ముట్టుకుంటే ఊడి వస్తున్నాయి.

మా ఊళ్ళో చేను గట్టు మీది నాగజెముడుకు ఎవరూ నీళ్ళు పోయలేదు, నీడ పట్టలేదు. అలాంటి జాతి మొక్కలకు ఇక్కడ ఇన్ని అవస్థలా? మబ్బు పట్టినప్పుడల్లా వడియాల బట్ట ఎత్తుకుని పరుగెత్తినట్టు కుండీలను లోపలికి మోయాలా?

గాజుగది (లెస్టర్), 11 జూన్

మీ రెండు మొక్కలవీ రెండు వేర్వేరు జబ్బులు. కలిపి చూడకండి.

ఎకినాప్సిస్ మచ్చ ఎండ వైపే ఉందా? నొక్కితే గట్టిగా, పొడిగా ఉందా? అయితే అది ఎండదెబ్బ. ఆ మచ్చ పోదు, బెరడు కట్టి అలాగే ఉంటుంది, కానీ మొక్కకు ప్రాణాపాయం లేదు. ఏళ్ళు గడిచి కాండం ఎత్తు పెరిగేకొద్దీ కిందికి దిగిపోతుంది. మచ్చ మెత్తగా, తడిగా ఉండి అడుగు నుంచి పైకి పాకుతుంటే అది కుళ్ళు. అప్పుడు ఆగకూడదు. శుభ్రమైన కత్తితో పైభాగాన్ని పచ్చటి, మచ్చలేని కండ కనిపించేదాకా కోసి, రెండు మూడు వారాలు నీడలో ఆరనిచ్చి, పొడి గ్రిట్ (సన్నటి రాతి గులక) మీద నిలబెట్టాలి.

కిటికీ అద్దం ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని అడ్డుకుంటుంది. పైగా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడి వెలుగు ఎంత పల్చనో మీకు తెలుసు. ఆ వెలుగుకు అలవాటుపడిన తోలును ఒక్కసారిగా జూన్ ఎండలో పెట్టారు. ఈ నెలలో పగలు పదహారు గంటలకు పైనే. మిట్టమధ్యాహ్నం సూర్యుడు హైదరాబాదులోలాగా నడినెత్తికి రాకపోయినా, పొద్దంతా పక్క నుంచి కొడుతూనే ఉంటాడు. బయటికి తెచ్చేటప్పుడు మొదటి వారం తూర్పు గోడ పక్కన, తరువాత రెండు వారాలు తోట ఫ్లీస్ (మొక్కల మీద కప్పే పల్చటి బట్ట) ఒక పొర కప్పి, ఆ తరువాతే పూర్తి ఎండ. మొదలుపెట్టడానికి మబ్బు రోజును ఎంచుకోండి.

ఎచెవేరియా సంగతి నీరు. కింది ఆకులు కాగితంలా ఎండి రాలితే సహజం. అద్దంలా పారదర్శకంగా మారి మెత్తబడితే వేళ్ళ దగ్గర తడి ఆరడం లేదు.

వానకారు (గ్లాస్గో), 11 జూన్

గాజుగది గారు చెప్పింది సరే, అసలు ప్రశ్నకు జవాబు నేను చెబుతాను: వాన తగలనివ్వకండి. నా తోటలో నాలుగు కర్రల మీద పాలీకార్బనేట్ రేకు వాలుగా వేశాను. పక్కలు తెరిచే ఉంటాయి. పైన నీరు పడదు, గాలి ఆడుతుంది, వెలుగు వస్తుంది. రేకు కింద రెబూషియా, మామిల్లేరియా కాక్టస్‌లు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా కదలవు. లోపలికీ బయటికీ మోసే పని లేదు. నీళ్ళు ఎప్పుడు పోయాలన్నది మన చేతిలో ఉండాలి, ఆకాశం చేతిలో కాదు.

సీమజెముడు (కేంబ్రిడ్జ్), 12 జూన్

వానకారు గారితో నేను ఏకీభవించను. నా ఎకినాప్సిస్‌లు, ఒపన్షియాలు (నాగజెముళ్ళు) మే చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఆకాశం కిందే ఉంటాయి. కప్పు లేదు, రేకు లేదు. వానకు దుమ్ము కడుక్కుపోతుంది, పిండినల్లి నిలవదు, ముళ్ళు దట్టంగా వస్తాయి. గ్రీన్‌హౌస్‌లో పెంచిన మొక్కను, బయట తడిసిన మొక్కను పక్కపక్కన పెడితే తేడా ఎవరైనా చెప్పగలరు. మా కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ. వాటితోనే పోస్తే మొక్క మీద తెల్లటి చారలు, మట్టిలో క్షారం. వాననీరు ఉచితంగా వచ్చే మందు.

ఇంకో మాట. నేను అనంతపురం జిల్లావాణ్ణి. అక్కడ ఏడాదికి సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చిల్లర. కేంబ్రిడ్జ్‌లోనూ దాదాపు అంతే. మా సీమను కరువు నేల అంటారు, ఇంగ్లండును తడి దేశం అంటారు. కాక్టస్‌కు మాత్రం రెండు చోట్లా పడే నీరు ఒకటే.

వానకారు (గ్లాస్గో), 12 జూన్

లెక్క ఒకటే, పడే తీరు ఒకటి కాదండీ. అనంతపురంలో ఆ వానలో ఎక్కువ భాగం నైరుతి రుతుపవనాల నెలల్లోనే వస్తుంది, వచ్చింది వచ్చినట్టే వేడికి ఆవిరవుతుంది. కేంబ్రిడ్జ్‌లో అదే వానను పన్నెండు నెలలకు పంచి, చిటికెడు చిటికెడుగా చల్లుతారు. పధ్నాలుగు డిగ్రీల మబ్బు రోజున కుండీలో పడ్డ నీరు వారమైనా ఆరదు. కాక్టస్‌ను చంపేది నీరు కాదు, ఆరని నీరు.

ఇక మా గ్లాస్గోలో ఏడాదికి 1,100 మిల్లీమీటర్ల పైమాటే. మీ పద్ధతి ఇక్కడ చేస్తే సెప్టెంబరుకు కుండీల్లో సూపు మిగులుతుంది.

సీమజెముడు (కేంబ్రిడ్జ్), 12 జూన్

ఆ మాట ఒప్పుకుంటాను. గ్లాస్గోకు నా పద్ధతి చెప్పను. కానీ అడిగినవారు రెడింగ్‌లో ఉన్నారు. రెడింగ్ వాతావరణం మీ ఊరికన్నా మా ఊరికే దగ్గర.

చలిపొయ్యి (బెల్‌ఫాస్ట్), 12 జూన్

నిన్న రాత్రి మా ఇంట్లో హీటరు వేశాం. జూన్ 11న. కాక్టస్‌లు ఎక్కడ పెట్టాలని నన్ను అడిగితే వెచ్చటి టెనెరిఫ్ దీవిలో అంటాను.

మట్టిపిచ్చి (బ్రిస్టల్), 13 జూన్

వాన తగలాలా వద్దా అన్న తగాదా మట్టి సంగతి తేలకుండా తేలదు. నీరు పోస్తే రెండు క్షణాల్లో కింది రంధ్రం నుంచి కారిపోయే మిశ్రమం అయితే సీమజెముడు గారు గెలుస్తారు. దుకాణంలో కొన్న కుండీలోని మట్టితోనే ఉంచితే వానకారు గారు గెలుస్తారు. దుకాణం మొక్కలు సాధారణంగా ఒట్టి నారలాంటి పదార్థంలో పెరిగి వస్తాయి. గ్రీన్‌హౌస్‌లో యంత్రాలతో నీరు పట్టే నర్సరీకి అది అనుకూలం, మన పేషియోకు కాదు.

నేను వాడేది: జాన్ ఇన్నిస్ నంబరు 2 మట్టి మిశ్రమం ఒక వంతు, మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల గ్రిట్ అర వంతు, ప్యూమిస్ లేదా పెర్లైట్ (తేలికైన రంధ్రాల రాతి పలుకులు) అర వంతు. బయట వానలో ఉండే వాటికి గ్రిట్ ఇంకా పెంచుతాను. పెర్లైట్ తేలిక కాబట్టి గాలికి కుండీ పడిపోతుంది, బయటికి గ్రిట్టే మేలు. బిల్డర్ల ఇసుక వద్దు, సన్నగా ఉండి సిమెంటులా గట్టిపడుతుంది.

జాన్ ఇన్నిస్ అనగానే అదేదో కంపెనీ అనుకుంటారు. కాదు. 1930లలో లండన్ దగ్గర మెర్టన్‌లో ఉన్న జాన్ ఇన్నిస్ ఉద్యాన సంస్థలో తయారైన వంటకం అది. ఏడు పాళ్ళు లోమ్ మట్టి, మూడు పాళ్ళు పీట్ (బురదనేలల్లో కుళ్ళి పేరుకున్న నాచు), రెండు పాళ్ళు ఇసుక. 1, 2, 3 అంకెలు ఎరువు మోతాదును చెబుతాయి. ఎవరైనా తయారుచేసి అమ్మవచ్చు కాబట్టి సంచి సంచికీ నాణ్యత మారుతుంది. ఇప్పుడు పీట్ లేని రకాలు కూడా వస్తున్నాయి. పీట్ బురదనేలలను తవ్వడం ఆపాలన్నది న్యాయమే, నేనూ మానేశాను. కానీ కొన్ని పీట్ లేని సంచుల్లో సగం చెక్క ముక్కలే. జల్లెడ పట్టకుండా వాడకండి.

కొత్తకుండీ (రెడింగ్), 14 జూన్

అందరికీ కృతజ్ఞతలు. మచ్చ గట్టిగానే ఉంది, అంటే ఎండదెబ్బే. ఎచెవేరియాను కుండీ నుంచి తీసి చూశాను. మీరు అన్నట్టే నార ముద్ద. పైన పొడిగా ఉంది, లోపల పిండితే నీరు. అలాంటప్పుడు తడి ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది?

మట్టిపిచ్చి (బ్రిస్టల్), 14 జూన్

బరువు. నీళ్ళు పోసిన రోజు ఒకసారి, బాగా ఆరిన రోజు ఒకసారి కుండీ ఎత్తి చూడండి, తరువాత చేతికే తెలిసిపోతుంది. పెద్ద కుండీలకైతే సన్నటి వెదురు పుల్ల అడుగుదాకా గుచ్చి, కాసేపు ఉంచి తీయండి. పుల్ల చల్లగా, నల్లగా వస్తే ఆగండి. ప్లాస్టిక్ కుండీ కన్నా మట్టి కుండీ త్వరగా ఆరుతుంది. తడి ఊళ్ళలో అది లాభం, మా కిటికీ గట్టు మీద నష్టం. ఎచెవేరియా ముద్దను విడదీసి, కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, వారం ఆరబెట్టి కొత్త మిశ్రమంలో పెట్టండి. ఆ తరువాత మరో వారం నీరు వద్దు.

గాజుగది (లెస్టర్), 23 జూన్

హెచ్చరిక. రేపటి నుంచి దక్షిణాన ముప్పై డిగ్రీల దాకా పోతుందని సూచన. మూడు వారాలు మబ్బు కింద ఉన్న మొక్కలకు ఇది కిటికీ నుంచి బయటికి తేవడంతో సమానం. బయట ఉన్నవాటికి కూడా మధ్యాహ్నం ఫ్లీస్ కప్పండి. ఈ దేశంలో ఎండదెబ్బ తగిలేది వడగాడ్పు మధ్యలో కాదు, మొదటి రోజున.

ఎడారిగులాబి (హారో), 27 జూన్

నిన్న విజ్లీలో 30.5 డిగ్రీలట. నాకు ఆనందమే. నా దగ్గర ఉన్నవన్నీ అడీనియంలు, అంటే ఎడారి గులాబీలు. చలికాలంలో ఆకులన్నీ రాల్చి మోడులా నిలబడ్డవి మే చివర చిగురించాయి. జూన్ మొదట్లో మళ్ళీ పసుపు తిరిగాయి. ఎకినాప్సిస్‌కు చల్లటి రాత్రి బాగుంటుందంటారు, మరి వీటికేమిటి ఇబ్బంది?

గాజుగది (లెస్టర్), 27 జూన్

పుట్టిన చోటు వేరు. రెబూషియాలు, చాలా ఎకినాప్సిస్‌లు బొలీవియా, అర్జెంటీనా కొండలవి. పగలు ఎండ, రాత్రి చలి వాటికి పుట్టింటి అలవాటు. చాలా కాక్టస్‌లు రాత్రిపూట రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడును పీల్చి దాచుకుంటాయి, పగలు తలుపులు మూసి దాన్ని వాడుకుంటాయి. రాత్రి చల్లబడితేనే ఆ పని నీటి నష్టం లేకుండా సాగుతుంది. అందుకే ఇక్కడి పన్నెండు డిగ్రీల రాత్రి వాటికి శిక్ష కాదు. విజయవాడలో మే నెల రాత్రే వాటికి కష్టం.

అడీనియం ఆఫ్రికా, అరేబియాల వేడి నేలల మొక్క. మన ఊళ్ళలో మేడల మీద అది విరగబూసేది అందుకే. రాత్రి పదిహేను డిగ్రీల కన్నా తగ్గే రోజుల్లో నీళ్ళు పోయకండి. ఇక్కడ దాని స్థానం బయట కాదు, దక్షిణపు కిటికీలోనే. మెలోకాక్టస్‌ది కూడా అదే దారి. హవార్షియా సక్యులెంట్లు మాత్రం పూర్తిగా వేరు, వాటికి తూర్పు కిటికీ చాలు, ఎండలో పెడితే ఎర్రబడి ముడుచుకుంటాయి.

సీమజెముడు (కేంబ్రిడ్జ్), 8 జులై

ఎకినాప్సిస్ పూసింది! సాయంత్రం మొగ్గ విప్పడం మొదలుపెట్టి, చీకటి పడేసరికి జానెడు పొడుగు గొట్టం మీద తెల్లటి పువ్వు. రేపు మధ్యాహ్నానికి వాడిపోతుంది. జల్లులో తడుస్తూ పూసింది, వానకారు గారు గమనించగలరు.

వానకారు (గ్లాస్గో), 8 జులై

గమనించాను. నావి రేకు కింద పొడిగా కూర్చుని పూశాయి.

కొత్తకుండీ (రెడింగ్), 16 జులై

ఈ నెలంతా మబ్బే. ఎచెవేరియా బతికింది గానీ నడుమ భాగం పొడవుగా సాగి, ఆకులు దూరదూరంగా వస్తున్నాయి. ఎరువు తక్కువా?

మట్టిపిచ్చి (బ్రిస్టల్), 16 జులై

వెలుగు తక్కువ. ఎరువు వేస్తే ఇంకా సాగుతుంది. మబ్బు వారాల్లో నీరు, ఎరువు రెండూ ఆపండి. ఎండ వచ్చినప్పుడు టమాటాలకు వాడే పొటాష్ ద్రవాన్ని సగం బలంతో నెలకొకసారి ఇస్తే చాలు. సాగిన తలను తరువాత కోసి నాటుకోవచ్చు, కింద మిగిలిన మోడు పిలకలు వేస్తుంది.

వారానికోసారి నీళ్ళు అని దుకాణం చీటీ మీద రాసి ఉంటుంది. ఈ దేశంలో ఆ చీటీని చింపెయ్యాలి. వాతావరణ సూచన చూసి పోయాలి: రాబోయే నాలుగైదు రోజులు ఎండ, ఇరవై డిగ్రీల పైన అంటే కుండీ నిండా పొయ్యండి. మబ్బు, వాన అంటే పొడిగా వదిలెయ్యండి. రెండు వారాలైనా, మూడు వారాలైనా సరే. ఎండిన కాక్టస్ కాస్త ముడతపడుతుంది, నీళ్ళు తగిలితే మళ్ళీ ఉబ్బుతుంది. కుళ్ళిన కాక్టస్‌కు ఆ అవకాశం లేదు.

గాజుగది (లెస్టర్), 11 ఆగస్టు

రేపు మళ్ళీ ఎండ, ఈసారి గట్టిగా. గ్రీన్‌హౌస్ ఉన్నవారికే చెబుతున్నాను. బయట ముప్పై అయిదు ఉంటే, మూసిన గాజుగదిలో యాభై దాటగలదు. 2022 జులై 19న కోనింగ్స్‌బీలో 40.3 నమోదైన రోజు నా దగ్గర ఇయోనియం సక్యులెంట్లు, చిన్న నారుమొక్కలు ఉడికిపోయాయి, పెద్ద కాక్టస్‌లు నిలిచాయి. ఇయోనియం కెనరీ దీవులది, అసలు వేసవిలో నిద్రపోతుంది. దాన్ని నేల మీద, నీడలో పెట్టండి. తలుపు తీసి ఉంచండి. కప్పు కిటికీకి మైనం గొట్టంతో పనిచేసే ఓపెనరు దొరుకుతుంది. వేడికి మైనం వ్యాకోచించి కడ్డీని నెడుతుంది, కరెంటు అక్కర్లేదు. మీరు ఆఫీసులో ఉన్నా అది తన పని తాను చేస్తుంది. గాజు మీద నీడ వల, లోపల ఒక ఫ్యాను. ఎండలో నీళ్ళు చల్లకండి, పొద్దు వాలాకే.

సీమజెముడు (కేంబ్రిడ్జ్), 13 ఆగస్టు

నిన్న మా ఊళ్ళోనే 34.8. ఈ ఏడాది దేశంలో ఇప్పటిదాకా ఇదే ఎక్కువ. బయట ఉన్నవి జూన్ నుంచే ఎండా వానా చూసినవి కాబట్టి ఒక్క మచ్చ లేదు. ఇరుగుపొరుగువారి హైడ్రాంజియాలు మాత్రం తలలు వేలాడేశాయి.

నత్తగుల్ల (లీడ్స్), 24 ఆగస్టు

నిన్న లిలియన్ తుపాను గాలికి కుండీలు ఆరు దొర్లాయి. ఎత్తి సర్దుతుంటే ఒక సెంపర్వైవమ్ సక్యులెంట్ చేతిలోకి ఊడి వచ్చింది, వేళ్ళే లేవు. మట్టిలో తెల్లటి పురుగులు, గోధుమరంగు తల, అర్ధచంద్రాకారంలో ముడుచుకుని ఉన్నాయి. సెంపర్వైవమ్‌కు చలి లేదు, వాన లేదు, ఏమీ కాదు అని అందరూ అంటారే!

మట్టిపిచ్చి (బ్రిస్టల్), 24 ఆగస్టు

వాతావరణం దాన్ని ఏమీ చేయదు. ఇవి వైన్ వీవిల్ అనే ముక్కు పురుగు పిల్లలు. తల్లి పురుగు రాత్రి వచ్చి మట్టిలో గుడ్లు పెట్టి పోతుంది. పిల్లలు వేళ్ళు తినేదాకా పైకి ఏమీ తెలియదు. సెంపర్వైవమ్, ఎచెవేరియా, సెడమ్ వీటికి ఇష్టం. మిగిలిన కుండీలన్నీ తీసి చూడండి. పాత మట్టి పారవేసి, తలను గ్రిట్ మీద పెడితే మళ్ళీ వేళ్ళు పోస్తుంది. ఆగస్టు చివర, సెప్టెంబరు నెలలు ఈ పురుగును తినే నెమటోడ్‌లు (కంటికి ఆనని సన్నటి పురుగులు) వేయడానికి తగిన కాలం. పొడిలా వస్తాయి, నీళ్ళలో కలిపి తడి మట్టిలో పోయాలి. ఈ ఒక్కసారికి కుండీ తడిగా ఉంచక తప్పదు.

కొత్తకుండీ (రెడింగ్), 26 ఆగస్టు

చలికాలానికి ఇప్పటి నుంచే ఏమి చేయాలి? పెద్ద కుండీల్లోకి మార్చనా?

వానకారు (గ్లాస్గో), 26 ఆగస్టు

ఇప్పుడు మార్చకండి, మార్చి నెల దాకా ఆగండి. కొత్త మట్టి తడి పట్టుకుంటుంది, వేళ్ళు దాన్ని పీల్చేలోగా చలి వచ్చేస్తుంది. ఎరువు ఆపెయ్యండి. ఆఖరి నీళ్ళు మీ దగ్గర సెప్టెంబరు మూడో వారం, మా దగ్గర మొదటి వారం. ఆ తరువాత మార్చి దాకా కాక్టస్‌లకు చుక్క వద్దు. పొడిగా ఉంటే చాలా రకాలు అయిదు డిగ్రీల దాకా తట్టుకుంటాయి, రెబూషియాలు ఇంకా కిందికి కూడా. రాళ్ళలా కనిపించే లిథాప్స్ ఒక్కటే తిరకాసు: దానికి ఇప్పుడే ఆకలి, శరత్తులోనే పూస్తుంది, అక్టోబరు దాకా అప్పుడప్పుడూ ఇవ్వండి. తరువాత కొత్త ఆకులు పాతవాటిని పూర్తిగా పీల్చుకునేదాకా, అంటే వసంతం ముగిసేదాకా, ముట్టుకోవద్దు.

ఒకసారి బ్రిటిష్ కాక్టస్ అండ్ సక్యులెంట్ సొసైటీ వారి శాఖ మీకు దగ్గర్లో ఉందేమో చూడండి. 1983లో రెండు పాత సంఘాలు కలిసి ఏర్పడింది. శాఖలు మొక్కల అమ్మకాలు పెడతాయి. దుకాణంలో దొరకని రకాలు రెండు మూడు పౌండ్లకు వస్తాయి. అన్నింటికీ మించి, అవి మీ ప్రాంతపు వానలోనే పెరిగిన మొక్కలు. అమ్మే పెద్దమనిషిని ఎక్కడ పెట్టి పెంచారని అడగండి, మనం ఇక్కడ మూడు నెలలు వాదించుకున్నది అయిదు నిమిషాల్లో చెబుతారు.

ఎడారిగులాబి (హారో), 27 ఆగస్టు

ఒక చిన్న ప్రశ్న. అమ్మ వచ్చే నెల హైదరాబాదు నుంచి వస్తోంది. కడియం నర్సరీ నుంచి తెప్పించిన అంటు అడీనియంలు రెండు సూట్‌కేసులో తెస్తానంటోంది. వేళ్ళు కడిగి కాగితంలో చుడితే చాలునా?

గాజుగది (లెస్టర్), 27 ఆగస్టు

చాలదు. భారతదేశం నుంచి నాటుకునే మొక్క ఏది తెచ్చినా అక్కడి మొక్కల ఆరోగ్య అధికారులు ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. లేకపోతే విమానాశ్రయంలో లాక్కుని నాశనం చేస్తారు. కాక్టస్‌లైతే వీటికి తోడు, అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ అంతర్జాతీయ ఒప్పందపు అనుమతులు కూడా కావాలి. అమ్మగారిని ఆవకాయ తెమ్మనండి, అడీనియం విత్తనాలు ఇక్కడే కొని ఏప్రిల్‌లో వేడి పలక మీద మొలిపిద్దాం. నా దగ్గర పలక ఒకటి ఖాళీగా ఉంది, కావాలంటే తీసుకోండి.

ఎడారిగులాబి (హారో), 27 ఆగస్టు

అలాగేనండీ. పలక నాకు కావాలి. ఆవకాయ జాడీలో మీ వంతు పక్కన పెడతాను.